ఏడో నియమం, ఏడు చుక్కలు

వాషింగ్ మిషన్ మీద మఠం వేసుక్కూర్చుని ఫోన్లో చుక్కలు పెడుతున్న ఆడదాన్ని చూస్తే ఎవరైనా ఏమనుకుంటారో నాకు తెలుసు, ఎందుకంటే అలాంటి ఆడదాన్ని చూస్తే నేనూ అదే అనుకుంటాను. ఒక చుక్క, దాని కింద వరసలో ఇంకో చుక్క, దాని కింద ఇంకోటి, ఏడు పెట్టాలి, ఎందుకంటే నియమం అలా ఉంది, ఆ నియమం పెట్టింది నేనే. టైము ఐదున్నరకి పది నిమిషాలు తక్కువ. ఫోన్లో చార్జింగు పద్నాలుగు శాతం. బట్టలుతికే ఈ గదికి ఉన్నది ఒకటే గుమ్మం, ఆ గుమ్మానికి అడ్డంగా ఒక పాము పడుకుని ఉంది, దాని తల ఇటుంది, తోక డ్రయ్యర్ వెనకాల ఎక్కడో ఉంది, మధ్యలో ఎంత పాము ఉందో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. ఫిబ్రవరి మాకు నడివేసవి, ఆ ఎండకి బిల్లంబా ఊరు మొత్తం తలుపులు మూసుకుని ఏసీల కింద పడుకుంది, పాముకి ఏసీ లేదు కాబట్టి నా గదిలో చల్లటి సిమెంటు గచ్చు వెతుక్కుంది, ఆ మాటకొస్తే దానిది తెలివైన పనే, తప్పంతా తలుపు వేసుకోని నాది. నా చెప్పుల్లో ఒకటి కాలికే ఉంది, రెండోది కింద పడింది, పాము తలకి జానెడు దూరంలో, ఆ చెప్పు మీద నాకిప్పుడు ఏ మమకారమూ లేదు.

ఏ పాము? అదే కదా అసలు ప్రశ్న. కళ్ళజోడు వంటింట్లో బల్ల మీద ఉంది. కళ్ళజోడు లేకుండా చూస్తే గోధుమరంగుగా ఉంది, మచ్చలు ఉన్నట్టే ఉన్నాయి, మచ్చలు పాము మీదున్నాయా నా కంట్లో ఉన్నాయా తెలియడం లేదు. మచ్చలుంటే కొండచిలువ, ఎలుకల్ని తిని తన దారిన తాను పోతుంది. మచ్చల్లేని గోధుమ పామైతే కరిచాక అంబులెన్సు వచ్చేసరికి నేను ఏ నియమాలూ అక్కర్లేని చోట ఉంటాను. మా గ్రూపులో ఇన్నేళ్ళలో వచ్చిన ప్రతి పాము ఫోటో కింద సగం మంది కొండచిలువ, పాపం వదిలేయండి అంటారు, సగం మంది గోధుమ పాము, పారిపోండి అంటారు, ఒకసారి తోటకి నీళ్ళు పెట్టే గొట్టం ఫోటో పెడితే దాన్నీ పదకొండు మంది గోధుమ పామన్నారు. పైనున్న అరలో బట్టల క్లిప్పుల బుట్ట ఉంది. క్లిప్పు ఒకటి విసిరితే కదులుతుందేమో. కదిలితే ఎటు కదులుతుందో. వద్దు, పడుకోనీ. నేను ముప్పై ఒక్క ఏళ్ళు బడి లైబ్రరీ చూశాను, నిద్రపోయేవాళ్ళని లేపకూడదని అక్కడే నేర్చుకున్నాను.

చుక్కలు పూర్తయ్యాయి. పైన రాశాను: హెచ్చరిక, పాము, ఇంట్లో, ప్రాణాలతో. కింద రాశాను: నేను కొరలీ హాస్లమ్, వాషింగ్ మిషన్ మీద ఉన్నాను, గుమ్మంలో పాముంది, ఎవరైనా రండి. ఫోటో మొదటి కామెంట్లో పెట్టాలి, ఆ నియమమూ నాదే, ఫోటో ఎక్కుతోంది ఎక్కుతోంది ఎక్కుతోంది, చక్రం తిరుగుతోంది, ఈ గదిలో సిగ్నల్ ఎప్పుడూ ఇంతే. బిల్లంబా ఇరుగుపొరుగు గ్రూపులో రెండు వేల నూట నలభై మంది ఉన్నారు, ఊళ్ళో జనం పద్దెనిమిది వందలు, మిగతావాళ్ళు ఊరొదిలి వెళ్ళినా మన గొడవలు చదవకపోతే అన్నం సహించనివాళ్ళు. ఆ రెండు వేల నూట నలభై మందీ ఇవాళ సాయంత్రం ఆరింటి దాకా ఓటేస్తున్నారు, ఏడో నియమం ఉండాలా ఊడాలా అని. పాము, సాలీడు, రక్తం, చచ్చిన జంతువు, ప్రమాదం, ఇవేవి పెట్టినా పైన హెచ్చరిక రాసి, కిందిది టక్కున కంటపడకుండా ఏడు చుక్కలు దించి ఆ తర్వాతే చెప్పాలి, ఇదీ ఏడో నియమం. మూడేళ్ళుగా నడుస్తోంది. మూడేళ్ళుగా డెస్ ఫాగర్టీ దాన్ని పీకాలని చూస్తున్నాడు.

డెస్ బడి బస్సు నడిపి రిటైరైనవాడు, పిల్లల అరుపులు విని విని చెవులు పోయాయి గాని నోరు పోలేదు. హెచ్చరిక, కింద ఫోటోలో నా భార్య చేసిన లామింగ్టన్ కేకు ఉంది, కొబ్బరి ఉంది, గుండె చిక్కబట్టుకోండి, అని పెడతాడు. హెచ్చరిక, మెయిన్ రోడ్డులో గుంట, చుక్కలు లెక్కపెట్టేలోపు అందులో పడతారు, అని పెడతాడు. మూడొందల మంది నవ్వుతారు. నేనూ నవ్వాను, ఎవరూ చూడకుండా. అతన్ని అని ఏం లాభం, నియమం పెట్టిన నెలకల్లా జనం నా దగ్గరికి కొత్త కొత్త భయాలు పట్టుకొచ్చారు, బెలూన్లకి హెచ్చరిక కావాలని ఒకావిడ, జోకర్లకి కావాలని ఒకాయన, చిల్లులు చిల్లులుగా ఉండే క్రంపెట్ రొట్టె చూస్తే ఒళ్ళు జలదరిస్తుందని ఇంకొకామె. నేనేం చేశాను, పాము చావకుండా కర్ర విరగకుండా క్రంపెట్లకి మూడు చుక్కలు చాలన్నాను. అక్కడే పట్టు పోయింది. ఒకసారి మూడు చుక్కలకి ఒప్పుకున్న మనిషి మాట ఏడు చుక్కలకి ఎవరు వింటారు? కానీ ఎవరో పెట్టిన సాలీడు బొమ్మ చూసి చేతిలో ఫోన్ నీళ్ళ తొట్టిలో పడేసుకున్న పిల్లా నిజమే, సైన్యం నుంచి వచ్చి రక్తం చూడలేక గ్రూపు వదిలేసి నియమం పెట్టాక తిరిగొచ్చినాయనా నిజమే. వాళ్ళు లామింగ్టన్లకి నవ్వలేదు. వాళ్ళు నాకు విడిగా రెండే ముక్కలు రాశారు, థాంక్స్ కొరలీ అని. ఊరు మాత్రం ఇప్పటికీ ఏమనుకుంటోందంటే, కొరలీకి పాములంటే భయం, అందుకే పెట్టింది అని. అనుకోనిచ్చాను. అసలు సంగతి చెప్పడం కంటే అదే నయం.

టింగ్. ఎవరో కామెంటు పెట్టారు, దేవుడి దయ. హెచ్చరిక చూసి ఆగిపోయానండీ, కింద ఏం రాశారో చదవలేదు, ఏ కష్టమైనా ధైర్యంగా ఉండండి, అని ఒకావిడ, పక్కన ఎర్ర గుండె బొమ్మ. టింగ్. ఫోటో ఏది, ఫోటో లేకుండా ఏ పామని చెప్పం? టింగ్. ఓటింగు ముగియడానికి అరగంట ముందు పామా, భలే కుదిరిందే, నాటకాలు వద్దమ్మా. టింగ్, డెస్. డెస్ ఏమన్నాడంటే, కొరలీ, చుక్కలు ఆరే ఉన్నాయి, నియమం ఏడంటుంది. నేను లెక్కపెట్టాను. ఆరే ఉన్నాయి. పాము గుమ్మంలో పడుకుని ఉండగా, పదకొండు శాతం చార్జింగుతో, నేను నా చుక్కలు లెక్కపెట్టాను, పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి, నా మీద నాకే జాలేసింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు, నేను గోయి తీసి, దానికి కొలతలు రాసి, ఊరందరి చేతా వాడించి, ఆఖర్న పడ్డాను. పాము తల కొంచెం ఎత్తింది. నాలుక బయటికి వచ్చింది, లోపలికి పోయింది. ఏడో చుక్క పెట్టేశాను. ఎందుకు పెట్టానో అడగొద్దు.

ఎమర్జెన్సీ నంబరుకి చేయొచ్చు. కరిచిందా అని అడుగుతారు, ఇంకా లేదంటాను, ఊళ్ళో పాములు పట్టేవాళ్ళకి చేయండంటారు. ఊళ్ళో పాములు పట్టేది ఒక్కరే. ఆ నంబరు అంటించిన అయస్కాంతం ఊళ్ళో ప్రతి ఫ్రిజ్ తలుపు మీదా ఉంది, నాకు కంఠస్థం కూడా, నాలుగు వందల పద్దెనిమిదితో మొదలై రెండు ఏడులతో ముగుస్తుంది. మొదట ఆ నంబరు క్లెమ్‌ది. ఇప్పుడు నోలీన్‌ది. మొగుడు పోయాక నోలీన్ అతని కొక్కెం, సంచులు, ఫోన్ నంబరు అన్నీ తీసుకుని పొద్దున బేకరీలో బన్నులకి ఐసింగ్ పూసి మధ్యాహ్నం పాములు పడుతుంది. ఆ ఐసింగ్ బన్నుల కోసం నేను పాతికేళ్ళు శనివారం శనివారం వెళ్ళాను, కౌంటరుకి అటూ ఇటూ నిలబడి ఊళ్ళో వాళ్ళందరినీ కడిగి ఆరేసేవాళ్ళం, నా మొగుడు గాలం పట్టుకుని టౌన్స్‌విల్ పోయి తిరిగి రాకపోతే నాకంటే ముందు తిట్టింది నోలీనే. మూడేళ్ళుగా నేను సూపర్ మార్కెట్ రొట్టె తింటున్నాను. దూది లాగా ఉంటుంది. ఎదురుపడితే ఏం కొరలీ అంటుంది, ఏం నోలీన్ అంటాను, ఎండలు అంటుంది, అవును ఎండలు అంటాను, అంతే, ఆ ఎండల్లోంచి తప్పుకుని చెరో దారిన పోతాం.

వద్దు, ఆ ఫోటో దగ్గరికి వెళ్ళకు కొరలీ, పాముని చూడు, పాముని చూడు, ఎంత హాయిగా పడుకుందో చూడు. మూడేళ్ళ కిందటి మార్చి నెల. నాలుగు రోజుల వాన, వాగు పొంగింది. వరదప్పుడు పుకార్లు ఎక్కువని ప్రతి పోస్టూ నేను చూసి సరే అంటేనే గ్రూపులోకి వెళ్ళేలా పెట్టాను. పొద్దున ఏడున్నర, చేతిలో వెజిమైట్ అనే నల్లటి ఉప్పటి ముద్ద రాసిన టోస్టు, ఒక ఫోటో వచ్చింది. వంతెన మూసుకుపోయింది, అటు వెళ్ళకండి అని కింద రాసి ఉంది. వంతెన రెయిలింగుకి ఆనుకుని పక్కకి ఒరిగిన నీలం బండి, వెనక తొట్టి ఉన్న బండి, మా వైపు ఇంటికొకటి ఉంటుంది, నీళ్ళు సగం దాకా. తొట్టిలో ఆకుపచ్చ పెట్టె. పెట్టె మీద తెల్ల రంగుతో ఏదో మెలికల బొమ్మ. నాలుగు సెకన్లు చూశాను. ఈ పెట్టె ఎక్కడో చూశానే అనుకున్నాను. అనుకున్నాను, అది మటుకు నిజం, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు గాని అనుకున్నాను. కానీ రోడ్డు మూసుకుపోయిందని జనానికి తెలియాలి, బడి పిల్లల బస్సు ఎనిమిదింటికి ఆ వంతెన మీదే పోవాలి, వేలికి వెజిమైట్ అంటుకుని ఉంది, చిటికెన వేలితో సరే అని నొక్కాను. బస్సు ఆగింది. డెసే ఆపాడు, నా గ్రూపులో చూసే ఆపాడు. ఎనిమిదిన్నరకి పోలీసులు క్లెమ్ ఇక లేడని చెప్పడానికి బేకరీకి వెళ్ళారు. వాళ్ళ కంటే ఇరవై నిమిషాల ముందే నోలీన్ చూసింది, క్యూలో నిలబడినావిడ ఫోన్ ఇటు తిప్పి, వంతెన చూశావా అని చూపించింది, ఆవిడ పాపం వంతెనే చూపించింది. నోలీన్ చేతులకి గులాబీ రంగు ఐసింగ్ ఉందట.

అందుకే ఏడో నియమం. పాములని ముందు రాసి, ప్రమాదాలని చివర్లో, ఎవరి కంటా పడకుండా ఇరికించాను. నోలీన్‌కి క్షమాపణ చెప్పే ధైర్యం లేక ఊరంతటి చేతా చుక్కలు పెట్టించాను. ఇవాళ ఆరింటికి ఆ నియమం కూడా పోతే నేను ఆమెకి బాకీ పడ్డ ఆ ఒక్క మాటకి బదులుగా నా దగ్గర ఏమీ మిగలదు. ఏడు శాతం. ఫోటో ఎక్కలేదు. డెస్ మళ్ళీ రాశాడు, ఇప్పుడు ఏడున్నాయి, మంచిది, నిజంగానే పామా? ఇంకా నమ్మకం లేదు వాడికి. పాము కదిలింది. గుమ్మంలోంచి బయటికి కాదు, ఇటు, నా చెప్పు మీదుగా, వాషింగ్ మిషన్ వైపు, తొందరేమీ లేకుండా. కింద ఎక్కడో మిషన్‌ని తాకిన చప్పుడైంది. రెండు వేల నూట నలభై మందిలో ఒక్కరి గొంతు కావాలనిపించింది, ఒక్కరిదే. నాలుగు వందల పద్దెనిమిది నొక్కడం మొదలెట్టాను.

"చెప్పు కొరలీ," అంది. ఎవరని అడగలేదు. మూడేళ్ళుగా నా నంబరు తీసెయ్యలేదన్నమాట.

"నోలీన్, మా ఇంట్లో... బట్టలుతికే గది... మిషన్ మీదున్నాను."

"ఎందుకెక్కావే?"

"పాము."

"కదలకు. వస్తున్నా," అంది, ఫోన్ పెట్టేసింది. నా ఫోన్ కూడా అంతటితో కన్నుమూసింది.

పన్నెండు నిమిషాలు పట్టి ఉంటుంది, నాకు పన్నెండు ఏళ్ళలా అనిపించింది అని రాస్తే డెస్ నవ్వుతాడు గాని అలాగే అనిపించింది. నోలీన్ వెనకవైపు నుంచి వచ్చింది, మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో కొక్కెం, భుజాన పాత దిండు గలీబు, జుట్టులో పిండి. గుమ్మంలో నిలబడి ముందు నన్ను చూసింది, తర్వాత పాముని చూసింది, తర్వాత మళ్ళీ నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకు. కరుస్తుందా?"

"ఇదా? ఇది కొండచిలువే తల్లీ. మీ కప్పు మీద కాపురం ఉంటోంది ఎప్పట్నుంచో. నీకు ఎలుకలు లేవని గొప్పలు చెప్పుకుంటావు చూడు, ఎవరి పుణ్యమనుకున్నావ్?"

కొక్కెంతో మెడ కింద పైకెత్తింది, రెండో చేత్తో మధ్యలో పట్టుకుంది, ఇస్త్రీ బట్టలు మడతపెట్టినంత తేలిగ్గా గలీబులోకి దించి మూతి ముడేసింది. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి, నోరు మాత్రం అప్పుడే తెరుచుకుంది, పాము పోయాక వచ్చే ధైర్యం చూడండి ఎలాంటిదో.

"నోలీన్, ఆ ఫోటో నేనే సరే అన్నాను. వరదప్పుడు. క్లెమ్ బండి."

గలీబు ముడి ఇంకోసారి బిగించింది. "తెలుసు."

"ఎలా తెలుసు?"

"గ్రూపుకి అప్పుడు అడ్మినువి నువ్వొక్కదానివే కదే. నాకు ఒకటి కూడా లెక్కపెట్టడం రాదనుకున్నావా?"

ఏడవాలో నవ్వాలో తెలియక క్లిప్పుల బుట్ట పట్టుకుని కూర్చున్నాను. "అందుకే ఆ నియమం పెట్టాను. ఆరింటికి తీసేస్తారు."

"నేనూ తీసెయ్యమనే ఓటేశాను."

"నువ్వా!"

"మరి? పైన నాలుగు చుక్కలో ఏడు చుక్కలో పెట్టుంటే నేను ఆగేదాన్నా? హెచ్చరిక చూస్తే ఇంకా తొందరగా కిందకి లాగేదాన్ని. ఆ పెట్టె నువ్వు గుర్తుపట్టావా లేదా?"

"పట్టాను." మూడేళ్ళలో మొదటిసారి ఆ మాట గట్టిగా అన్నాను. "సగం పట్టాను. రోడ్డు సంగతి చెప్పాలని..."

"రోడ్డు సంగతి చెప్పి మంచిపని చేశావు. బస్సు నిండా పిల్లలున్నారు. దానికి నిన్నేమీ అనను." గలీబుని నేల మీద మెల్లగా పెట్టింది. "కానీ ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యాల్సింది. అంతే. రెండు వేల మందికి చెప్పావు, నాకు చెప్పలేదు."

"ఏమని చెప్పేదాన్నే?"

"ఏమో. ఏదో ఒకటి. నోలీన్, ముందు కూర్చో, అనేదానివి. ఆ ఒక్క మాట ఎవరైనా అని ఉంటే బావుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నిలబడే చూశాను."

నాకు కన్నీళ్ళు వచ్చాయి, తుడుచుకోవడానికి ఏమీ లేక ఉతకాల్సిన గిన్నెలు తుడిచే తువ్వాలుతో తుడుచుకున్నాను, అది వెజిమైట్ వాసనేసింది. తప్పైపోయింది నోలీన్ అన్నాను. అవును, తప్పే, అంది, కాదులే అనలేదు, దానికి నేను ఆమెకి బతికున్నంతకాలం రుణపడి ఉంటాను. గలీబు లోపల పాము సర్దుకుంటోంది. సూపర్ మార్కెట్ రొట్టె తింటున్నావటగా, సిగ్గులేదూ, అంది. దూదిలా ఉంటుందే, అన్నాను. శనివారం రా, అంది. ఆరు దాటే ఉంటుంది, నియమం ఉందో ఊడిందో ఆమె ఫోన్లో చూడొచ్చు, చూద్దామని ఇద్దరికీ తట్టలేదు. నేను కాలు కిందికి దించి చెప్పు కోసం వెతుకుతుంటే నోలీన్ వంగి డ్రయ్యర్ వెనక సందులోకి టార్చి వేసింది. వేసి, అలాగే ఆగిపోయింది, ఆ సందులో ఇంకేదో జరజరా కదిలింది. తర్వాత నిదానంగా నా వైపు తిరిగింది, మొహంలో నవ్వు బలవంతాన ఆపుకుంటూ, నేను మూడేళ్ళ కిందట అనాల్సిన గొంతుతో,

"కొరలీ," అంది, "నీకొక మాట చెప్పాలి. ముందు కూర్చో."

కాళ్ళు రెండూ పైకి లాక్కుని కూర్చున్నాను.